జో వంట చేయదు

ఎడ్వర్డ్ హాపర్ వేసినవాటిలో అందరికీ తెలిసిన బొమ్మ 'నైట్‌హాక్స్'. అర్ధరాత్రి దాటాక కూడా వెలుగుతున్న ఓ హోటలు, కౌంటర్ దగ్గర ముగ్గురు మనుషులు, తెల్ల టోపీ పెట్టుకున్న సర్వరు. నగరంలో ఒంటరితనం గురించి ఎవరు వ్యాసం రాసినా పక్కన ఈ బొమ్మే పెడతారు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ముందు వచ్చే ఆలోచన వేరు. ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగి ఉంటే ఈ బొమ్మ పుట్టేది కాదేమో!

వేళాకోళానికి అనడం లేదు. హాపర్ భార్య జోసెఫీన్‌కి (అందరూ జో అనేవాళ్ళు) వంటంటే చిరాకు. డబ్బా మూత తీసి వేడి చేయడం దగ్గరే ఆవిడ పాకశాస్త్రం ఆగిపోయేది. ఆయనకీ రాదు. అందుకని భార్యాభర్తలిద్దరూ చవక హోటళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు. ఆ హోటళ్ళే ఒక్కొక్కటిగా కాన్వాసు మీదకొచ్చాయి. 1927లో 'ఆటోమాట్', చిల్లర వేస్తే గాజు తలుపు తెరుచుకుని తిండి చేతికొచ్చే రకం హోటలు. 1929లో 'చాప్ సూయ్', మేడ మీద చైనా భోజనశాల. అందులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళకీ మోడల్ జోనే. అంటే తన ఎదురుగా తనే కూర్చుని టీ తాగుతోందన్నమాట. ఆ బొమ్మ 2018లో వేలంలో దాదాపు 9 కోట్ల 20 లక్షల డాలర్లకి పోయింది. ఇల్లాలికి వంట రాకపోవడం వల్ల కళాలోకానికి ఇంత లాభం ఇంకెక్కడా జరిగి ఉండదు.

పోయినసారి రాసిన దాని కింద ఒకావిడ "మీరు ఆర్టిస్టు కదా, మీ ఇంట్లో రోజు ఎలా గడుస్తుంది?" అని అడిగారు. మా రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే హాపర్ దంపతుల మీదుగా వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

వాళ్ళ పెళ్ళి 1924 జులై 9న. ఇద్దరికీ 41 ఏళ్ళు. ఆయన ఆరడుగుల ఐదంగుళాలు, ఆవిడ ఐదడుగులకి ఓ అంగుళం ఎక్కువ. ఆయన నోరు విప్పడు, ఆవిడ ఆపదు. కాపురం న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర, 74 మెట్లెక్కితే వచ్చే పై అంతస్తులో. బాత్రూమ్ బయట వరండాలో, పక్కవాళ్ళతో కలిపి. చలి కాచుకోవాలంటే బొగ్గు కిందనుంచి మోసుకు రావాలి. పేరొచ్చాక, డబ్బొచ్చాక కూడా ఆయన పోయేదాకా అక్కడే ఉన్నారు. ఖర్చల్లా పూట పూటకీ బయట భోజనం, నాటకాలు, సినిమాలు.

బొమ్మ తోచకపోతే హాపర్ స్టూడియోలో కూర్చుని జుట్టు పీక్కునేవాడు కాదు, వారం పాటు వరసగా సినిమాలకి పోయేవాడు. నాటకాలకి వెళ్తే టికెట్ ముక్క జాగ్రత్తగా తెచ్చుకుని, వెనకాల నాటకం పేరు రాసి దాచుకునేవాడు. 2022 చివర్లో విట్నీ మ్యూజియంలో 'ఎడ్వర్డ్ హాపర్స్ న్యూయార్క్' ప్రదర్శన పెట్టినప్పుడు ఆ ముక్కల్ని కూడా చూపించారు. మా ఆయనా నేనూ పాత్ ట్రైన్ ఎక్కి వెళ్ళాం. అన్ని లక్షల డాలర్ల పెయింటింగులు చుట్టూ ఉండగా మా ఆయన ఆ టికెట్ ముక్కల దగ్గరే పావుగంట నిలబడ్డాడు. "అన్నీ బాల్కనీ టికెట్లే. మన బాపతే" అన్నాడు సంతోషంగా.

సినిమాకి పోవడం హాపర్‌కి సరదా మాత్రమే కాదనడానికి సాక్ష్యం 1939 నాటి 'న్యూయార్క్ మూవీ'. ఎడమవైపు చీకటి హాలు, తెరలో ఓ మూల, రెండు మూడు తలలు. కుడివైపు గోడకి ఆనుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ అమ్మాయి, టార్చిలైటుతో సీటు చూపించే ఉద్యోగం. ఆమె సినిమా చూడటం లేదు, ఎన్నోసారి ఆడుతోందో మరి! దీనికోసం హాపర్ నాలుగు థియేటర్లు తిరిగి యాభైకి పైగా స్కెచ్‌లు వేసుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ఏ థియేటర్లోనూ దొరకలేదు. ఇంటి బయట వరండాలో, దీపం కింద జోని నిలబెట్టి వేశాడు. బొమ్మలో అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. జోకి అప్పటికి 55. 'నైట్‌హాక్స్'లో ఎర్రగౌను ఆవిడా జోనే, అప్పటికి 58. మగవాళ్ళకి హాపర్ తనే అద్దంలో చూసుకుని వేశాడు. పెళ్ళయ్యాక ఆయన బొమ్మల్లోని ఆడవాళ్ళకి తనే మోడల్‌నని జో పట్టుబట్టింది. ఒకప్పుడు నాటకాల్లో వేసిన మనిషి, అందుకే ఏ వేషమిచ్చినా ఒదిగిపోయేది.

ఇక్కడ మా ఇంటికొస్తాను. నేను తెలుగు కథలకి బొమ్మలు వేస్తాను, అంతకంటే పెద్ద ఆర్టిస్టుని కాదు. మోడల్స్‌ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి ఆ భాగ్యం మా ఆయనకే. ఇప్పటిదాకా ఆయన ఒక కరణం, ఇద్దరు పోలీసులు, ఒక పెళ్ళికూతురు (ముసుగు ఉంది లెండి), మూడు శవాలు. శుక్రవారం సాయంత్రం ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో ఎక్కడో దోసె తింటాం. నేను పేపర్ నాప్‌కిన్ వెనక పక్క టేబుల్ వాళ్ళని గీస్తూ ఉంటే ఆయన నా దోసె కూడా తినేస్తాడు. తెలుగు సినిమా ప్రీమియర్లకి వెళ్తాం. హీరో వచ్చినప్పుడు కాగితాలు ఎగరేసే కుర్రాళ్ళ మొహాల మీద తెర వెలుతురు పడుతుంది చూడండి, దానికోసం ఎంత పెట్టయినా టికెట్ కొనచ్చు. నేను వెనక్కి తిరిగి జనాన్ని చూస్తుంటాను, కథ మా ఆయన ఇంటికొచ్చేటప్పుడు కార్లో చెప్తాడు. కొన్నిసార్లు ఆయన చెప్పిందే సినిమా కన్నా బాగుంటుంది. ఆశ్చర్యమేం లేదు, ఇక్కడికి రాకముందు ఆయన కథలు రాసేవాడు. మూడు అచ్చయ్యాయి కూడా.

ఆ మూడు కథల వల్లే జో సంగతి నన్ను వదలడం లేదు.

ఎందుకంటే జో కూడా పెయింటరే. ఇద్దరూ రాబర్ట్ హెన్రీ దగ్గర చదువుకున్నారు. 1923 వేసవిలో మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్‌లో హాపర్ చేత నీటిరంగులు పట్టించింది ఆవిడే. ఆ ఏడు బ్రూక్లిన్ మ్యూజియం తన బొమ్మలు ప్రదర్శనకి అడిగితే, ఈయనవి కూడా చూడండని చెప్పిందీ ఆవిడే. మ్యూజియం వాళ్ళు ఈయన బొమ్మ 'ది మాన్సార్డ్ రూఫ్'ని 100 డాలర్లకి కొన్నారు. అంతకుముందు పదేళ్ళ క్రితం, 1913లో, ఒక్కటంటే ఒక్క పెయింటింగ్ అమ్ముడైంది ఆయనకి. విమర్శకులు హాపర్‌ని ఎత్తేశారు. ఆవిడ బొమ్మలూ ఆ గోడల మీదే ఉన్నాయి, పట్టించుకున్నవాళ్ళు లేరు.

తర్వాత నలభై ఏళ్ళకి పైగా ఆవిడ ఆయన పద్దులు రాసింది. మ్యూజియంలో ఆ లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి బొమ్మకీ ఆయన చిన్న పెన్ను స్కెచ్ వేసేవాడు. పక్కన జో తన దస్తూరీతో ఏ రంగు ఎక్కడుందో, ఎవరు కొన్నారో, గ్యాలరీ మూడోవంతు పోగా చేతికి ఎంతొచ్చిందో రాసేది. 'నైట్‌హాక్స్' 1942లో షికాగో మ్యూజియంకి 3000 డాలర్లు. అది వేస్తున్న రోజుల్లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. మా స్టూడియోకి పైన అద్దాల కప్పు, బాంబు పడితే ఏంగాను అని జో హడలిపోయింది. ఆయన తలెత్తకుండా హోటల్ వేసుకుంటూ కూర్చున్నాడు.

పోట్లాటలు మామూలువి కావు, చేతులూ పళ్ళూ కూడా వాడుకున్నారు. అన్నీ ఆవిడ డైరీల్లో ఉన్నాయి, వాటి ఆధారంగానే గెయిల్ లెవిన్ 1995లో హాపర్ జీవితచరిత్ర రాశారు. కారు తోలనివ్వడని ఓ గొడవ, తన బొమ్మల్ని చిన్నచూపు చూస్తాడని ఇంకో గొడవ. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి, ఇన్నాళ్ళ యుద్ధానికి మనకో పతకం ఇవ్వాలి అందావిడ. ఆయన అప్పడాల కర్రా గరిటా కలిపి ఓ రాజముద్ర తయారుచేసిచ్చాడు. వంటే చేయని ఇంట్లో ఆ రెండూ దేనికి వాడేవాళ్ళో ఊహించుకోవచ్చు. నాకిది చదివితే నవ్వొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది. అంత చమత్కారం ఉన్న మనిషి, పక్కన కూర్చున్నావిడ కాన్వాసు వైపు ఒక్క మంచి మాట విసరలేకపోయాడా?

1967లో ఆయన, పది నెలలకి ఆవిడ పోయారు. మూడు వేలకి పైగా బొమ్మల్ని జో విట్నీ మ్యూజియంకి రాసిచ్చింది. ఆయనవి భద్రంగా ఉన్నాయి. ఆవిడవి కొన్ని ఆసుపత్రులకీ అక్కడికీ ఇక్కడికీ పంచేశారు, చాలావాటి జాడ తెలియదు. మిగిలినవి చాలా ఏళ్ళకి ఎవరో వెతికితే బయటపడ్డాయి.

ఇదంతా ఓ రాత్రి భోజనాల దగ్గర చెప్పి, "నీ కథలేమయ్యాయి?" అని అడిగాను.

"నన్ను జోని చెయ్యకు" అన్నాడు మా ఆయన. "ఆవిడ్ని వెయ్యనివ్వలేదు. నన్నెవరూ ఆపలేదు. రాయాలనిపించలేదు, మానేశాను. అదీ ఓ కథేనా?"

"మరి కార్లో చెప్పేవి?"

"అవి సినిమాల కథలు."

"కాదు. పోయినవారం చెప్పినదాంట్లో సగం ఆ సినిమాలో లేదు. నేను మళ్ళీ చూశాను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత సాంబార్ ఇంకొంచెం అడిగాడు.

హాపర్ ఆఖరి పెయింటింగ్ 1966లో వేసిన 'టూ కమెడియన్స్'. వేదిక అంచున తెల్ల దుస్తుల్లో ఇద్దరు విదూషకులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ప్రేక్షకులకి సెలవు చెప్తుంటారు, పొడుగాయన, పొట్టావిడ. ఆ ఇద్దరూ తామేనని జోనే చెప్పింది. జీవితమంతా ఇతరుల నాటకాలకి టికెట్ కొన్న మనిషి, చివరికి భార్యని వెంటబెట్టుకుని స్టేజీ ఎక్కాడు. బాగుంది. కాకపోతే ఆ బొమ్మ కిందా సంతకం ఒక్కటే.

పోయిన నెల ఓ కథకి బొమ్మ పంపిస్తూ, నా పేరు కింద 'మోడల్' అని మా ఆయన పేరు కూడా వేయమని ఎడిటర్ గారికి రాశాను. గంటలో జవాబొచ్చింది: "అలాగే వేద్దామండీ. కానీ ఈ కథలో ఉన్నది శవమే కదా?"