సంతకంతో ఆగిపోకండి

"ఉద్యోగాలు చెయ్యాలా, ఊళ్ళేలాలా, ఆడపిల్లకి అంత చదువెందుకు?" అనే మాట మీలో చాలామంది పుట్టింట్లోనే వినుంటారు. ఇంటర్‌తో చదువాపేసిన నాలాంటి వాళ్ళకయితే మరీ బాగా తెలుసు. ఇప్పుడు కాలం మారింది, ఆడపిల్లల్నీ ఇంజినీరింగులు చదివిస్తున్నాం. కానీ చదువంటే ఉద్యోగమే అన్న లెక్క మాత్రం మారలేదు. అందుకే ఇంట్లో ఉన్న అత్తగారికో, పనిమనిషికో నాలుగక్షరాలు నేర్పుదామంటే "ఈ వయసులో ఆవిడకెందుకులే" అనేస్తాం.

ఎందుకో తెలియాలంటే నెల్లూరు జిల్లాలోని దూబగుంటని ఒకసారి తలుచుకోవాలి.

1991 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో నూరుమంది ఆడవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు 33 మందే. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలయింది. పగలంతా కూలికి వెళ్ళొచ్చి, వంట ముగించుకుని, రాత్రిపూట పలకా పుస్తకం పట్టుకున్నారు ఆడవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడువల్ల చితికిపోయిన ఇంటి కథ అది. చదువుతుంటే అది పుస్తకంలో కథలా అనిపించలేదు వాళ్ళకి, ఎవరి కథ వాళ్ళకి కళ్ళముందు కనిపించింది.

అప్పటిదాకా ఎవరి ఏడుపు వాళ్ళ గుమ్మంలోపలే. అక్షరాలకోసం ఒకచోట కూర్చున్నాక "మీ ఇంట్లోనూ ఇంతేనా?" అనుకున్నారు. ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వాళ్ళ ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో మద్యనిషేధమే వచ్చింది.

"మళ్ళీ 1997లో ఎత్తేశారుగా, ఏం లాభం?" అంటారేమో. నిజమే, ఎత్తేశారు. కానీ ఆ ఆడవాళ్ళు కలిసికూర్చోవడం మానలేదండీ. రోజుకో రూపాయి చొప్పున దాచుకున్నారు. నెల్లూరులో దానికి పొదుపులక్ష్మి అని పేరు. ఆ దారిలోనే మన ఊళ్ళల్లో పొదుపు సంఘాలు అల్లుకుపోయాయి. చూశారా, చదువు ఒక్క మనిషికి తెలివినిచ్చి ఊరుకోదు, పదిమందినీ ఒకచోట చేరుస్తుంది.

అయితే సంఘం ఉంటే సరిపోదు, అందులోని పుస్తకాన్ని చదవగలగాలి. ఎవరో చూపించినచోట సంతకం గీసే ఆవిడకి, తన పేరుమీద ఎంత అప్పు రాశారో, ఎన్ని వాయిదాలు కట్టిందో తెలియకపోతే ఆ సంతకానికీ వేలిముద్రకీ తేడా ఏముంది? మందుబిళ్ళల అట్టమీద గడువు తేదీ, ఫోనుకొచ్చిన బ్యాంకు మెసేజీ, ఏదైనా సరే పక్కవాళ్ళు చదివిపెట్టాలంటే వాళ్ళు చెప్పిందే నమ్మాలి. 2011 లెక్కల్లో కూడా ఉమ్మడి రాష్ట్రంలో నూటికి 41 మంది ఆడవాళ్ళు అక్షరం రానివాళ్ళే.

మరి మనమేం చెయ్యగలం? పెద్దవాళ్ళని అ, ఆలు దిద్దమంటే సిగ్గుపడతారు. వాళ్ళ పేరుతో మొదలుపెట్టండి. తర్వాత పిల్లల పేర్లు, బస్సు బోర్డు మీది ఊరిపేరు. వంటింటి డబ్బాలమీద కందిపప్పు, మినప్పప్పు, జీలకర్ర అని పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించండి. రోజూ చేత్తో పట్టుకునే డబ్బాయే పాఠం అయిపోతుంది! అంకెలకి పాల లెక్క, చాకలి పద్దు ఉండనే ఉన్నాయి. మధ్యాహ్నం ఓ అరగంట చాలు. పొదుపు పుస్తకంలో తన పేజీ తను చదివి, లెక్క సరిచూసుకునేదాకా వదలకండి.

మధ్యలో బడి మానేసినవాళ్ళుంటే ఓపెన్ స్కూలు గురించి చెప్పండి. 14 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా పదో తరగతి పరీక్షకి కట్టొచ్చు, పై వయసుకి హద్దు లేదు. కోడలు కడతానంటే "ఇప్పుడెందుకమ్మా" అనకండి, ఆ నాలుగు రోజులూ వంటపని మీరు చూసుకోండి.

దూబగుంటలో పలక పట్టినవాళ్ళెవరూ ఉద్యోగాల కోసం పట్టలేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అక్షరం కోసం చూస్తున్న మనిషి ఎవరో మీకు తెలుసు. ఈ వారమే ఓ పలక కొనివ్వండి, ఏమంటారు?