ముందు అంబాసిడర్ చేయండి

కొడవలూరు మీదుగా పోయే జాతీయ రహదారిపై అంబాసిడర్ ఇప్పుడు అరుదు. అందుకే మోడల్ కార్లు చేసే మన కుర్రాళ్లు ఫెరారీలు పక్కనబెట్టి ముందు దాన్నే చేయాలని నా గట్టి కోరిక. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో 1958లో మొదలై 2014లో ఆగిపోయిన ఆ బండి మన పెళ్లిళ్లకూ, ఆస్పత్రి పరుగులకూ తోడొచ్చింది. సుమారు 4.3 మీటర్ల కారు 1:18 స్కేలులో 24 సెంటీమీటర్లకు దిగుతుంది. బానెట్ గుండ్రదనం కుదరకపోతే ఎంత మెరుపు రంగేసినా అది అంబాసిడర్ కాదు! చెక్కడానికి కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కర్ర తేలిక. రంగుకు ముందు పాత బండి ఉన్నవాళ్లింటికి వెళ్లండి. కిటికీ తెరలు, నంబరు ప్లేటు అక్షరాలు, డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ ఫొటోలు తీసుకోండి, టేపు పెట్టి కొలతలు రాసుకోండి.