ఇంటిపేరు చివర ఉంటుంది

మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది. సంబంధం మాట్లాడబోయినా, అప్పు ఇవ్వబోయినా మొదట అడిగేది అదే. ‘ఏ ఇంటివారు?’ అని తెలుసుకున్న తరువాతగాని పీట వెయ్యం. అటువంటి మనం సెల్‌ఫోనులోకి వచ్చిపడ్డ లేఖకు మాత్రం ఇంటిపేరు అడగకుండానే పీట వేసి, విస్తరి కూడా వేస్తున్నాం.

మా ఇందల్వాయి జాతీయ రహదారి మీది ఊరు. టోల్ గేటు ఉన్న ఊరు. బండి ఉన్న ప్రతివాడికీ ఇక్కడ చలానా భయం ఉన్నది. 2023 డిసెంబరు చివర తెలంగాణ ప్రభుత్వం పాత చలానాల మీద రాయితీ ప్రకటించింది. స్కూటర్లకూ ఆటోలకూ నూటికి 80 వంతులు మాఫీ, కార్లకు 60 వంతులు. జనం ఎగబడ్డారు. ఆ సందడిలోనే ఎవరో ఘనులు పోలీసువారి సైటును పోలిన మరొక సైటు నిలబెట్టారు. అప్పటి అసలు చిరునామా ‘ఈచలాన్ డాట్ టీఎస్‌పోలీస్ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘ఈచలాన్‌టీఎస్‌పోలీస్ డాట్ ఇన్’. ఒక్కసారి పైకి చదవండి. నకిలీలో చలాను ఉన్నది, పోలీసు ఉన్నాడు, ఇల్లు మాత్రం లేదు!

వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది సుమండీ. ‘గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వం వారికి తప్ప పరులకు ఇవ్వని ఇంటిపేరు. దానికి ముందున్నవన్నీ ఆ ఇంటి పిల్లలు. ముందు ఏ పేరు తగిలించుకున్నా అడిగేవాడు లేడు. కనుక కుడినుంచి ఎడమకు చదవాలి. (మా నిజామాబాదు వాళ్ళకు ఉర్దూ కొత్తగాదు గనుక ఇది కష్టమనిపించదు.) చిరునామా పొడుగ్గా ఉంటే, మొదట్లో వచ్చే జంట గీతలను వదిలేసి, ఆ తరువాత మొదటి వాలుగీత దగ్గర ఆగండి. దానికి సరిగ్గా ముందున్నది ఇంటిపేరు. గీత దాటిన తరువాత ఏం వ్రాసి ఉన్నా అది పెరడే. బ్యాంకులకూ ఇటువంటి ప్రత్యేకపు ఇంటిపేరు వచ్చింది. 2025 అక్టోబరు 31 లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’లోకి మారాలని రిజర్వు బ్యాంకు వాటిని ఆదేశించింది.

ఈమెయిలుకైతే ‘ఎట్’ గుర్తు తరువాత చూడాలి. మా జిల్లాలో దీని అవసరం ఇంతా అంతా కాదు. గల్ఫు కంపెనీ పేరుతో నౌకరీ కాయితం వస్తుంది, రంగుల ముద్రలతో. వైద్య పరీక్షకింత, వీసాకింత పంపమంటుంది. ఎట్ గుర్తు తరువాత చూస్తే జీమెయిలు! వేలమంది కూలీలను పెట్టుకునే కంపెనీకి సొంత ఇంటిపేరు లేదా? రిజిస్టరైన ఏజెంటు కూలికి పంపేవాడి దగ్గర తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే చట్టం. ఆ ఏజెంట్ల పేర్లు ‘ఈమైగ్రేట్’ అనే ప్రభుత్వ సైటులో ఉన్నవి. పొలం కుదువబెట్టేముందు చూసుకోవచ్చు.

నేను తెలుగు చెప్పి బ్రతికేవాణ్ణి. ఇటీవలి వరకు దొంగ లేఖను దాని తప్పుల తెలుగుతోనే పట్టేసేవాణ్ణి. ఇప్పుడు యంత్రాలు చక్కని తెలుగు వ్రాసిపెడుతున్నవి. మోసగాడి సంధులు మా విద్యార్థుల సంధులకంటే నయంగా ఉన్నవి. (ఈ మాట కాలేజీలో అనలేదు.) భాష సాక్ష్యం ఇక చెల్లదన్నమాట.

చిరునామాయే లేకుండా వచ్చేవి మరో రకం. మా వీధి పసుపు రైతు ఒకాయన మొన్న ఫోను పట్టుకొచ్చాడు.

“సారూ, పీఎం కిసాన్ పైసలు ఆగినయట. గీ ఫైలు ఒత్తుమంటున్నరు, జూడుండ్రి.”

ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉన్నది.

“కాకా, ఇది కాయిదం గాదు, యాప్. ఇంట్లకు రానిస్తే నీకొచ్చే మెసేజులన్నీ దొంగోడే సదువుతడు. ఓటీపీ గూడ వానికే ముడుతది.”

కాకా కాసేపు మాట్లాడలేదు.

“మా బామ్మర్ది నాల్గు దినాల కింద ఒత్తిండు సారూ. గంటల పైసలు పోయినయి. ఎవలకు జెప్పలే, ఇజ్జత్ పోతదని.”

నాలుగు రోజులు! 1930 నంబరుకు వెంటనే చెబితే, సొమ్ము ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే దాన్ని అక్కడే ఆపించే వీలున్నది. గంటలు గడిచేకొద్దీ అది ఖాతా నుంచి ఖాతాకు పాకిపోతుంది. పసుపు కుప్పలో దొంగలు పడితే ఊరంతా వినేట్టు కేక వేసే మనిషే, బ్యాంకులో దొంగ పడితే భార్యకు కూడా చెప్పలేదట. దోచుకున్నవాడు లేని ఇజ్జత్‌తో హాయిగా ఉన్నాడు, ఉన్న ఇజ్జత్‌తో ఈయన నలుగుతున్నాడు. ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు.

కాకా అక్కడే ఫోను కలిపాడు. బావమరిది మొదట ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాడు. ఫోను నెట్ బంద్ చెయ్యమన్నాం. ఆ ఫైలు తాలూకు యాప్ తీసివేయించాం. వేరే ఫోనుతో బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించమన్నాం. లావాదేవీ నంబరూ, సొమ్ము పోయిన వేళా చీటీ మీద వ్రాసుకొని, 1930కి తానే మాట్లాడాడు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సొమ్ము సంగతి ఇంకా తేలలేదు.