మన మూలాలు: ముత్తాత నెంబరు

ఈ ఉగాది సంచికలో మన పెద్దల ఆచూకీ తీసే దారి గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. నాటాల్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో చాలామందికి ముత్తాత పేరు తెలుసు గాని ఊరు తెలియదు. ఊరు తెలిసినవారికి ఆయనను పూడ్చిన చోటు తెలియదు. మా ఇల్లూ అలాంటిదే.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా 1,52,000 మందికి పైగా గిరిమిట్ మీద ఇక్కడికి వచ్చారు. ప్రతి ఒక్కరికీ ఒక నెంబరు ఇచ్చారు. ఓడ జాబితాలో ఆ నెంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి. ఈ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

గుమాస్తాలు పేర్లను తమ చెవికి వినబడినట్టు రాసుకున్నారు. కనుక ఒకే పేరును నాలుగు రకాలుగా పలికి వెతకాలి. జిల్లాల సంగతీ అంతే. మా అవ్వ ఎప్పుడూ ‘మనది చిత్తూరు’ అనేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. అక్కడే మా ముత్తాత దొరికాడు. శ్రీకాకుళం వారైతే గంజాం జిల్లాలో ‘చికాకోల్’ అని చూడాలి.

ముత్తాత చెరకుతోటలో ఐదేళ్ళు చేసి, గడువు తీరాక ఉమ్‌గేని ఏటి ఒడ్డున కౌలుకు నేల పట్టి కూరగాయలు పండించాడు. 1895 చట్టం ప్రకారం, మళ్ళీ గిరిమిట్ రాయకుండా, ఇండియాకూ పోకుండా ఇక్కడే ఉండేవారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. గిరిమిట్ కూలి తొలి ఏడాది నెలకు 10 షిల్లింగులు. అంటే ఆరు నెలల కూలి పన్నుకే సరి! 1903 తరువాత 16 ఏళ్ళు నిండిన మగపిల్లలకు, 13 ఏళ్ళు నిండిన ఆడపిల్లలకు కూడా కట్టాల్సి వచ్చింది. గాంధీగారి పోరాటం ఫలితంగా 1914లో ఆ పన్ను పోయింది. అన్నాళ్ళూ వంకాయలు, మిరపకాయలు అమ్మి ఆయన ఎలా నెట్టుకొచ్చాడో!

ఆయన మరణ పత్రంలో తోట పేరు ఉంది గాని, పూడ్చిన చోటు మాట లేదు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద మావాళ్ళను అక్కడినుంచి లేపి చాట్స్‌వర్త్‌కు పంపారు. తోట పోయింది, దారీ మరుపున పడింది.

చివరకు దారి చూపింది కాగితం కాదు. మా తోట పక్కనే పెరిగిన ఒక పెద్దావిడ, తొంభై దాటినావిడ, ‘ఏటి దిగువన రెండు మామిడిమాన్ల నడుమ మీ పెద్దాయన్ని, ఆయమ్మను పక్కపక్కనే పెట్టినారప్పా’ అన్నారు. వెళ్ళి చూస్తే ఒక మామిడి మిగిలింది. దాని కింద గడ్డిలో రెండు వరసల రాళ్ళు. పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించి వచ్చాం. మరుసటి ఏడాదే ఆ పెద్దావిడ కాలం చేశారు.

అందుకే నా విన్నపం. ఈ పండగనాడు ఇంట్లో పెద్దలను మూడు సంగతులు అడగండి: ముత్తాత నెంబరు ఎంత, ఏ తోటలో చేశాడు, ఎక్కడ పూడ్చారు. పాత పెట్టెల్లోని పెళ్ళి, పుట్టుక కాగితాలు తిరగేయండి, ఆ నెంబరు వాటిమీదా ఉండవచ్చు. విన్నది విన్నట్టు, తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.