కుదుపులు మింగే సైకిలు

పిల్లలూ! గులకరాళ్ళ బాట మీద సైకిలు తొక్కితే ఎలా ఉంటుంది? చేతులు జివ్వుమంటాయి, నడుము పట్టుకుపోతుంది. మరి అలాటి కొండబాటన రోజంతా తొక్కాలంటే?

అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని లెడ్‌విల్ అనే ఊళ్ళో 1994లో అటువంటి పందెం మొదలయింది. దూరం సుమారు 160 కిలోమీటర్లు. ఆ ఊరే 3,000 మీటర్లకు పైన ఉన్నది. అక్కడ గాలి పలచన గనక త్వరగా ఆయాసం వస్తుంది. 12 గంటల లోపల తిరిగి వచ్చినవారికే బెల్టు బకిలు బహుమానం! అందుచేత కుదుపుల వల్ల శక్తి వృథా కాగూడదు.

ఇందుకోసం రెండు చక్రాలకూ స్ప్రింగులున్న సైకిళ్ళు ఉన్నాయి. వీటిలో చాలావాటికి స్ప్రింగు అంటే ఉక్కు చుట్ట కాదు, గొట్టంలో బిగించిన గాలి! రాయి తగిలితే ఆ గాలి అణిగి, కుదుపును మింగి, మళ్ళీ సాగుతుంది. సన్నని రంధ్రాల గుండా పారే నూనె, సైకిలు బంతిలాగా ఎగరకుండా ఆపుతుంది.

గాలి తక్కువయితే తొక్కినప్పుడల్లా సైకిలు ఊగి, కాళ్ళ బలాన్ని తినేస్తుంది. ఎక్కువయితే కర్రలాగా బిగుసుకుపోతుంది. ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది? వెనక గొట్టపు కడ్డీకి ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. దాన్ని గొట్టం అంచుదాకా తోసి, నీళ్ళసీసాలతో సహా మెల్లిగా ఎక్కి కూర్చుని, మెల్లిగా దిగుతారు. కడ్డీ 40 మిల్లీమీటర్లు కదలగలది అనుకోండి. ఉంగరం 10, 12 మిల్లీమీటర్లు జరిగితే సరి.

తరవాత ఒకే బాటన పలుమార్లు తొక్కి చూస్తారు. అయితే ఒక్కొక్కసారి ఒక్క మార్పే! రెండు మార్చితే ఏది మేలు చేసిందో తెలియదు గదా?