మా ఇంటి హౌజు

ఈ శీర్షిక కింద పద్యాలూ పదాలూ తప్ప మరొకటి ముట్టని నేను ఈ వారం చేపల సంగతి ఎత్తుకున్నానంటే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యంలో నాకూ కొంత వాటా ఉన్నది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెబుతున్నాను. జలక్రీడా వర్ణన వచ్చిందంటే గంట కొట్టినా వదలనని పిల్లలు నామీద ఫిర్యాదు చేస్తూంటారు. అటువంటి వాణ్ణి, మా పెరట్లో పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉన్న హౌజులో నీళ్ళకు ఏం రోగం వచ్చిందో తెలియక ఈ చలికాలమంతా తల పట్టుకు కూర్చున్నాను.

మాది పాతబస్తీలో శాలిబండ. ఒక పెద్ద దేవిడీని ముక్కలు చేసి అమ్మినప్పుడు మా తాతకు దక్కిన ముక్క మా ఇల్లు. దానితోపాటు ఒక వేపచెట్టూ, ఒక హౌజూ వచ్చాయి. హౌజంటే ఏమిటని కోస్తా పాఠకులు అడగవచ్చు. తొట్టి కాదు, బావి కాదు. నేలలోకి తవ్వి, రాయి పేర్చి, డంగుసున్నంతో గచ్చు చేసిన నీటి గుండం. పాత దేవిడీల్లో వాకిలి నడుమ అది ఉండడం ఒక మర్యాద. వేసవిలో దాని మీదుగా వచ్చిన గాలి గదుల్లోకి చల్లగా వచ్చేది. చార్‌కమాన్ నడిబొడ్డున ఉన్న గుల్జార్ హౌజు వీటన్నిటికీ పెద్దక్క. రమారమి చార్మినారు ఈడుది. మక్కా మసీదు ఆవరణలో ఒక హౌజు ఉన్నది. చౌమహల్లా ప్యాలెసులో ఉన్నది. చౌమహల్లాను బాగుచేసిన తీరు మెచ్చి 2010లో యునెస్కో వారు పురస్కారం కూడా ఇచ్చారు. మా హౌజును బాగుచేసినందుకు నాకు దక్కింది నడుంనొప్పి.

పూర్వం వీటికి నీళ్ళు ఎక్కడివంటారా? ఇళ్ళలో బావులుండేవి. ఆపైన మీరాలం చెరువు. నిజాం దివానుగా ఉన్న మీరాలం పేరిట, పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో కట్టినది. ఇరవై ఒక్క అర్ధచంద్రాలను పక్కపక్కన నిలబెట్టినట్లుంటుంది దాని కట్ట. 1908లో మూసీ వరద వచ్చి, ఆ తర్వాత ఉస్మాన్‌సాగరూ హిమాయత్‌సాగరూ కట్టేదాకా నగరానికి పెద్ద దిక్కు ఆ చెరువు. ఇప్పుడు మా వీధికి రోజు విడిచి రోజు కుళాయి వస్తుంది. ఆ కుళాయి దగ్గరే నా కథ అడ్డం తిరిగింది; అది కొంచెం ఆగి చెబుతాను.

హౌజు ఇంటిదైనా, చేపలు మా అమ్మవి. బంగారుచేపలు. వెయ్యేళ్ళకు పైగా చైనావాళ్ళు ఏరి ఏరి పెంచగా తయారైన జాతి. మా హౌజులో పందొమ్మిది ఉండేవి. అమ్మకు ఎనభై దాటాయి. నీటికాసులు వచ్చి చూపు బాగా తగ్గిపోయింది. పొద్దున్నే గోడ పట్టుకుని హౌజు గట్టుకు వచ్చి, ఇత్తడి గ్లాసుతో రాతిమీద మూడుసార్లు కొడుతుంది. చేపలకు చెవులు పైకి కనబడవు గాని వినికిడి ఉన్నది. తిండికీ చప్పుడుకీ లంకె అవి ఇట్టే పట్టుకుంటాయి. అమ్మ గుప్పెడు మరమరాలు వేస్తుంది. గుబుక్, గుబుక్ మని చప్పుడౌతుంది. అమ్మ ముఖం విచ్చుకుంటుంది. ఆ చప్పుడు వినకుండా చాయ్ తాగదు.

ఈసారి చలి ముదిరింది. కాశ్మీరు చెరువులలాగా మన దగ్గర మంచు గడ్డకట్టదు. అంచేత చేపలకేం భయం లేదనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. చేప ఒంటి వేడి నీటి వేడే. నీళ్ళు చల్లబడితే దాని అరుగుదల మందగిస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. అమ్మ మాత్రం మామూలుగా గుప్పెడు వేస్తూనే ఉన్నది. తగ్గించమని చెప్పవలసిన నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. తినని మరమరాలూ, రాలిన ఆకులూ, పిల్లలు తెంపిన పతంగుల కాగితాలూ అడుగున కుళ్ళాయి. కుళ్ళు ప్రాణవాయువును మింగుతుంది. పైగా రాత్రిపూట పాచి కూడా దాన్ని పీల్చుకునేదే. కాబట్టి తెల్లవారుజామున నీళ్ళలో ఊపిరి మరీ తక్కువ. ఇదంతా మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు తర్వాత విడమరచి చెప్పాడు. భోగినాటి తెల్లవారుజామున నాకు కనబడింది మాత్రం పదకొండు చేపలు వెల్లకిల తేలడం.

అమ్మ వచ్చి గ్లాసు కొట్టింది. గుబుక్‌మనలేదు. "ఇంకా లెవ్వలేదేమోరా" అన్నది. నేనేమీ అనలేదు.

మా అన్న ఆ రోజే తేల్చేశాడు. "పూడిపిద్దాం. పైన గచ్చు చేస్తే రెండు బండ్లు పెట్టుకోవచ్చు. డెంగీ రోజుల్లో ఇంట్లో నీటిగుంట ఏందిరా?" అతని మాటలో న్యాయం లేకపోలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కొన్న ఊరు మనది. దోమను తేలిగ్గా తీసుకోరాదు. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. అయితే చేపలున్న నీటిలో దోమపిల్లలు మిగలవు. అందుకే కదా 1928లో గంబూసియా చేపను పరదేశం నుంచి మన దేశానికి తెచ్చింది! ఈ వాదమంతా అన్నముందు పెట్టాను. "చేపలేవి మరి?" అన్నాడు. నాకు జవాబు లేదు. "ఉగాది దాకా చూస్తా. తర్వాత మేస్త్రీని పిలుస్తా."

నేనూ పౌరుషం తెచ్చుకున్నాను. ఒక ఆదివారం పంచె ఎగ్గట్టి, బతికిన ఎనిమిది చేపలను బకెట్లలోకి తీసి, నీళ్ళన్నీ తోడించాను. అడుగున జానెడు నల్లటి బురద. అందులో ఏదో మెదిలింది. పామనుకుని గట్టుమీదికి గెంతాను. పాము కాదు, కొర్రమీను. మూరకు కాస్త తక్కువ.

అది ఎట్లా వచ్చిందంటే అదొక కథ. మా చిన్నవాడికి ఉబ్బసం. మృగశిర కార్తె నాడు కొర్రమీను పిల్ల నోట్లో మందుపెట్టి మింగించే ఆనవాయితీ మన నగరంలో నూటయాభై ఏళ్ళకు పైబడి ఉన్నదంటారు. మా చిన్నప్పుడు దాన్ని మా పక్కనే దూద్‌బౌలిలో ఇచ్చేవారు. తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదని డాక్టర్లంటారు. నేనూ ఇన్‌హేలరు మానిపించలేదు, అమ్మ మాట కాదనలేదు. కొన్నాళ్ళు ఆగిపోయి 2023 జూన్‌లో మళ్ళీ మొదలైనప్పుడు వాణ్ణి తీసుకువెళ్ళాను. వాడు నోరు తెరిస్తే ఒట్టు. కొన్న చేపపిల్లను ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా హౌజులో వదిలాడు. అప్పటినుంచీ మా చిన్న చేపలు ఎందుకు తగ్గిపోతున్నాయో ఇప్పుడు తెలిసింది. నేను ఇన్నాళ్ళూ పక్కింటి పిల్లిని తిడుతూ వచ్చాను.

ఇతర చేపలు చచ్చిన నీటిలో ఇది ఎట్లా బతికిందంటారా? కొర్రమీను పైకి వచ్చి మనలాగే గాలి పీలుస్తుంది. ఎండిన చెరువుల్లో తడిబురదలో దాగి వాన కోసం ఆగుతుంది. 2016లో దాన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మా అన్న ఆ రాష్ట్ర చేపను మసాలా దృష్టితో చూశాడు. "దేవుని పేరుమీద తెచ్చిన చేప. కూర వండుతార్రా?" అని అమ్మ కసిరింది. మా కాలేజీ అటెండరు వాళ్ళ ఊళ్ళో వ్యవసాయ బావికి చేరింది అది చివరికి. అందాకా గోలెంలో పోసి, దూకిపోకుండా పైన పలక, పలకమీద ఇటుక పెట్టాము.

ఇక నా ఘనకార్యం. గోడల పాచి అంతా బ్లీచింగు పౌడరుతో తోమించాను. రాయి తెల్లగా మెరిసింది. కుళాయినీళ్ళు నింపించాను. 6,800 లీటర్లు, తేటగా, అడుగున రూపాయి వేస్తే కనబడేట్లు. సాయంత్రమే ఎనిమిది చేపలనూ వదిలాను. తెల్లారేసరికి నాలుగు పోయాయి.

కుళాయినీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనకు మేలు చేసే మోతాదు చేప మొప్పలను కాలుస్తుంది. నీళ్ళు ఒకటి రెండు రోజులు ఎండకూ గాలికీ విడిచిపెడితే అది పోతుంది. ఈ ముక్క తెలియడానికి నాలుగు ప్రాణాలు ఖర్చయ్యాయి.

మిగిలిన నాలుగింటినీ రాగి గంగాళంలో వేయబోతుండగా, "రాగి వద్దు, చేపకు విషం" అని గోడవతల నుంచి కేక వినబడింది. మా వీధి మలుపులో ఉండే చాచా. తాపీపని చేసి మానేసిన మనిషి. వాళ్ళ నాన్న దేవిడీల్లో గచ్చుపని చేసేవాడట. లోపలికి వచ్చి హౌజు చుట్టూ తిరిగాడు. మెరుస్తున్న రాళ్ళు చూసి నాలుక కరుచుకున్నాడు. "పానీకు భీ ఉమర్ హోనా, మాస్టర్‌సాబ్" అన్నాడు. నీళ్ళకూ వయసు రావాలట. నేను మురికి అనుకుని గీకించిన పాచే హౌజుకు ప్రాణమట.

జంతుశాస్త్ర మిత్రుడు అదే మాట తన పరిభాషలో చెప్పాడు. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. రాళ్ళనంటుకున్న పాచిలో కంటికి కనబడని క్రిములుంటాయి. కొన్ని దాన్ని నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మొక్కలు తింటాయి. ఆ క్రిములు స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. చలిలో ఇంకా ఆలస్యం. నేను బ్లీచింగు పౌడరుతో ఆ కాపురాన్నంతా ఒక్క పూటలో కూల్చాను.

మళ్ళీ మొదటినుంచీ. ఈశాన్యం మూల గచ్చు నెర్రె ఇచ్చి నీళ్ళు ఇంకిపోతున్నాయి. నేను సిమెంటు తెప్పించాను. చాచా ఆ సంచీని పక్కకు నెట్టించి, సున్నం, జల్లించిన ఇసుక, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లపునీళ్ళు కలిపి రోట్లో రుబ్బించాడు. నెర్రె నింపి తడిగోనె కప్పించాడు. రోజూ తడపడం నా వంతు. కొత్తదైతే సిమెంటైనా సున్నమైనా నీటిలోకి క్షారం దిగుతుంది, అదీ చేపకు పడదు. అందుకని నింపడం, నాలుగు రోజులు నిలవబెట్టడం, తోడిపోయడం. ఆ నీళ్ళు మొక్కలకు కూడా పోయనివ్వలేదు వదిన.

సున్నం విరిగిందో లేదో తెలిసేదెట్లా? అమ్మ చెప్పింది. "గిన్నెల ఆ నీళ్ళు తీసుకొని ఇంత పసుపు వెయ్యి. ఎర్రగైతే సున్నమున్నట్టు. పారాణి ఎట్ల కలుపుతమనుకున్నవ్?" మొదటిసారి గిన్నె పెళ్ళికూతురి పాదమంత ఎర్రనైంది. రెండోసారి నారింజ. మూడోసారి పసుపు పసుపుగానే ఉన్నది. వదిన చూసి చెబుతుంటే అమ్మ తలాడించింది. ఎమ్మే చదివిన నాకూ, డాక్టరేటున్న మిత్రుడికీ తట్టని పరీక్ష!

పీపాల్లో రెండేసి రోజులు నిలవ ఉంచిన నీళ్ళతో హౌజు నింపాము. చాచా తన ఇంటి హౌజు నుంచి పాచిపట్టిన రాళ్ళు నాలుగూ, ఒక బకెట్టు పాతనీళ్ళూ తెచ్చి అందులో పోశాడు, పాలల్లో తోడు వేసినట్లు. ఆ క్రిములకు మేతగా చిటికెడు చేపల తిండి వేశాము. వారం వారం ఒక సీసాలో నీళ్ళు కాలేజీకి తీసుకువెళ్ళేవాణ్ణి. మిత్రుడు చుక్కలమందు వేసి రంగు చూసి, "ఇంకా ఉన్నది" అనేవాడు.

ఉగాది వచ్చేసింది. హౌజులో నీళ్ళున్నాయి, చేపలు గోలెంలోనే ఉన్నాయి. పచ్చడి తిని చెయ్యి కడుక్కుంటూ అన్న, "మేస్త్రీ సోమవారం వస్తనన్నడు" అన్నాడు. "ఇంకో పదిరోజులు ఆగన్నా" అన్నాను. నా గొంతు నాకే కుర్రవాడి గొంతులా వినబడింది. అతను అమ్మవైపు చూశాడు. అమ్మ మాట్లాడలేదు. ఇత్తడి గ్లాసు మాత్రం ఒడిలో పెట్టుకుని ఉన్నది. ఆ రెండు నెలలూ దానితో నీళ్ళు కూడా తాగలేదు. సోమవారం మేస్త్రీ రాలేదు. ఎందుకు రాలేదో నేను అడగలేదు.

తొమ్మిదోనాడు మిత్రుడు సీసా ఎత్తి చూసి నవ్వాడు. సాయంత్రం గోలెంలోకి కొంచెం కొంచెంగా హౌజునీళ్ళు కలిపి, వేడీ చలీ సరిపోయాక, నాలుగింటినీ వదిలాము. అవి సరాసరి తామరకుండీ వెనక్కి పోయి నక్కాయి. మర్నాడు అమ్మ గ్లాసు కొట్టింది. ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. అన్న వరండాలో పేపరు చదువుతున్నట్లు నటిస్తున్నాడు.

మూడోనాడు గ్లాసు కొట్టి, నాలుగే నాలుగు మరమరాలు వేసింది. కాసేపటికి గుబుక్. ఆగి ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. అమ్మ చెవి ఒగ్గి అట్లాగే కూర్చున్నది.

"మూడే ఉన్నయేందిరా?" అన్నది.

నేను వంగి చూశాను. మూడే కనబడుతున్నాయి. వెనక చెప్పుల చప్పుడైంది. అన్న పేపరు పక్కన పడేసి, పట్టపగలు టార్చిలైటు పట్టుకొచ్చి, తామరకుండీ వెనకాల వెలుగు వేస్తూ, "జరుగు, నువ్వు అడ్డమున్నవ్" అంటున్నాడు.