శిక్షణలో లోపించిన అధ్యాయం: చిన్న వ్యవసాయ పరిశ్రమకు చట్ట పరిజ్ఞానం

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు గ్రామీణ యువతకు ఇస్తున్న స్వయం ఉపాధి శిక్షణల్లో వర్మికంపోస్టు, జీవన ఎరువులు, ట్రైకోడెర్మా, వేప ఉత్పత్తుల తయారీ ముందువరుసలో ఉంటాయి. బెడ్డు కొలతలు, వానపాముల జాతి, మాతృ కల్చరు, వాహక పదార్థం, తేమ శాతం విపులంగా బోధిస్తారు. ఉత్పత్తి వ్యయం, నికరాదాయం లెక్కలతో శిక్షణ ముగుస్తుంది. తయారైన సరుకును సంచిలో నింపి, దానిపై పేరు ముద్రించి అమ్మకానికి పెడితే ఏ చట్టం వర్తిస్తుందో చాలా శిక్షణల్లో ప్రస్తావనకే రాదు. ఈ లోటుకు మూల్యం చెల్లించేది అప్పు తెచ్చి యూనిట్ స్థాపించిన యువకుడు.

ఒకే షెడ్డు, రెండు చట్టాలు

వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసిన ఒక యువకుడు ఒకే షెడ్డులో నాలుగు ఉత్పత్తులు ప్రారంభించాడనుకుందాం: వర్మికంపోస్టు, రైజోబియం, ట్రైకోడెర్మా విరిడి, వేప ఆధారిత సస్యరక్షణ మందు. శిక్షణ ఇచ్చిన శాస్త్రవేత్త దృష్టిలో ఇవన్నీ జీవ సంబంధ ఉత్పాదకాలే. చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు తెగలు.

మొదటి రెండూ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు-1985 పరిధిలోకి వస్తాయి. జీవన ఎరువులను, సేంద్రియ ఎరువులను 2006లో ఈ ఉత్తర్వులో చేర్చి ప్రమాణాలు నిర్ణయించారు. వాహక పదార్థంతో తయారైన రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు, ద్రవరూపంలో అయితే మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి. వర్మికంపోస్టులో సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం ఉండాలి. ఈ ఉత్తర్వు నిత్యావసర వస్తువుల చట్టం-1955 కింద వెలువడింది. కాబట్టి ప్రమాణం లేని ఎరువు తయారుచేయడం, అమ్మడం శిక్షార్హమైన నేరం.

ట్రైకోడెర్మా, అజాడిరక్టిన్ గల వేప మందు క్రిమిసంహారక మందుల చట్టం-1968 కిందికి వస్తాయి. వీటికి ముందుగా కేంద్ర స్థాయి రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదు, ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం నుంచి తయారీ లైసెన్సు అవసరం. నమోదుకు జీవసామర్థ్యం, విషప్రభావం, నాణ్యత వంటి అంశాలపై సమాచారం సమర్పించాలి. ఇది నెలరోజుల్లో తేలే పని కాదు, తక్కువ ఖర్చుతో అయ్యేదీ కాదు. ఈ విషయం ముందే తెలిస్తే ఆ యువకుడు తొలి ఏడాది వర్మికంపోస్టుకే పరిమితమై, నిలదొక్కుకున్నాక తక్కినవాటి సంగతి ఆలోచించేవాడు. తెలియకపోతే నాలుగింటికీ యంత్రాలు కొని, రెండింటిని అమ్మలేక చతికిలపడతాడు.

చట్టం స్థిరంగా ఉండదన్నది మరో సంగతి. సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం వంటి జీవ ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. అంతకుముందు చదువు ముగించిన అధ్యాపకుడు తన పాత నోట్సుతోనే బోధిస్తే విద్యార్థికి అందేది కాలం చెల్లిన సమాచారమే.

చట్టం భయపెట్టడానికే లేదు

చట్టాల జాబితా వింటే యువత వెనుకంజ వేస్తుందని కొందరు విస్తరణ శాస్త్రవేత్తల అభిప్రాయం. సగం చెప్పి వదిలేసినప్పుడే అలా జరుగుతుంది. ఆంక్షలు విధించే చట్టాలే మినహాయింపులు, హక్కులు కూడా ఇస్తున్నాయి. తాను సాగుచేసే భూమిలో తాను వాడుకునే మందుకు క్రిమిసంహారక మందుల చట్టం 38వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. తన పొలంలోని వేపగింజలతో కషాయం కాచి తన పైరుపై పిచికారీ చేసుకునే రైతు ఏ లైసెన్సుకూ వెళ్లనక్కరలేదు. అదే కషాయాన్ని సీసాలో నింపి మందుగా అమ్మితే పరిస్థితి వేరు. సొంత వాడకానికీ వ్యాపారానికీ మధ్యనున్న ఈ గీతను శిక్షణలో స్పష్టంగా గీసి చూపాలి.

విత్తనం విషయంలోనూ ఇంతే. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం-2001లోని 39వ సెక్షన్ ప్రకారం రక్షిత రకపు విత్తనాన్ని సైతం రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో, ప్యాకెట్టుపై ఆ రకం పేరు ముద్రించి అమ్మడం మాత్రం కుదరదు. విత్తనోత్పత్తి శిక్షణకు వచ్చే ప్రతి రైతుకూ ఈ ఒక్క వాక్యం తెలిసి తీరాలి.

సరుకు అమ్మిన తరువాత డబ్బు రాకపోవడం చిన్న పరిశ్రమకు పెద్ద కష్టం. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం-2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు స్వీకరించిన కొనుగోలుదారు, ఒప్పందంలో ఏమున్నప్పటికీ, 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. ఈ రక్షణ పొందడానికి మార్గమైన ఉద్యం నమోదు ఆన్‌లైన్‌లో ఉచితంగానే జరుగుతుంది. దీని ప్రయోజనం తెలియక ఎందరో దానిని బ్యాంకు రుణానికి కావలసిన కాగితంగానే చూస్తున్నారు.

మాట మీద నడిచే భాగస్వామ్యం

గ్రామంలో ఇద్దరు మిత్రులు మాట మీద పెట్టుబడి పెట్టి వ్యాపారం ప్రారంభించడం సర్వసాధారణం. భాగస్వామ్యానికి నమోదు తప్పనిసరి కాదు. అయితే భాగస్వామ్య చట్టం-1932లోని 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం ఒప్పందం ఆధారంగా బయటి వారిపై దావా వేయలేదు. ఒక భాగస్వామి చేసిన సంస్థ అప్పుకు రెండో వారి సొంత ఆస్తి కూడా జవాబుదారీ అవుతుంది. పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడి ఈ బాధ్యతను తమ వాటాల మేరకు పరిమితం చేసుకోవచ్చు. ఏ రూపం ఎంచుకోవాలన్నది పెట్టుబడి పెట్టకముందే తేలవలసిన ప్రశ్న.

శాస్త్రవేత్త న్యాయవాది కావాలా?

ఇది న్యాయవాదులు, ఆడిటర్లు చూసుకోవలసిన పని అనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. దరఖాస్తు నింపడం, తగాదా తీర్చడం శాస్త్రవేత్త పని కాదు. కానీ పురుగుమందు సిఫార్సు చేసేటప్పుడు శాస్త్రవేత్త చట్టాన్ని ఇప్పటికే పాటిస్తున్నాడు. ఆ పంటకు, ఆ పురుగుకు లేబుల్‌పై ఆమోదం ఉన్నదీ లేనిదీ చూస్తాడు. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్‌ను ఎవరూ సిఫార్సు చేయరు. మందుకు పాటించే ఈ జాగ్రత్త పరిశ్రమను సిఫార్సు చేసేటప్పుడు ఎందుకు ఉండకూడదు?

ఉత్పాదకాల డీలర్ల కోసం హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ 2003లో ప్రారంభించిన ఏడాది డిప్లొమాలో చట్టాలు, నియమావళి పాఠ్యాంశంగా ఉన్నాయి. సరుకు అమ్మేవాడికి బోధిస్తున్న అంశాన్ని సరుకు తయారుచేసేవాడికి బోధించకపోవడం సమంజసం కాదు.

చేయదగినవి

మూడు పనులు వెంటనే చేపట్టవచ్చు. మొదటిది, ప్రతి పరిశ్రమకూ ఒక పుటలో చట్ట పత్రం తయారుచేయడం. వర్తించే చట్టం, అనుమతి ఇచ్చే అధికారి, పాటించవలసిన ప్రమాణం, మినహాయింపులు, లేబుల్‌పై ఉండవలసిన వివరాలు అందులో ఉండాలి. ఏడాదికొకసారి దానిని సవరించి, సవరణ తేదీ ముద్రించాలి. రెండవది, బి.ఎస్సీ. వ్యవసాయం విద్యార్థుల అనుభవపూర్వక అభ్యసనంలో ఉత్పత్తితో పాటు నమూనా దరఖాస్తు, లేబుల్, భాగస్వామ్య పత్రం తయారీకీ మార్కులు కేటాయించడం. మూడవది, పరిశ్రమల శిక్షణలో ఒక పూట మండల వ్యవసాయాధికారిని, తూనికలు కొలతల శాఖ అధికారిని, జిల్లా పరిశ్రమల కేంద్రం ప్రతినిధిని పిలిపించి మాట్లాడించడం. వీటికి కొత్త నిధులు పెద్దగా అవసరం లేదు.

ఈ ప్రమాణాలు అంతిమంగా కాపాడేది కొనుగోలు చేసే రైతును. జీవకణాలు లేని రైజోబియం పొట్లం వేరుశనగ రైతుకు డబ్బుతో పాటు ఒక కారును కూడా నష్టపరుస్తుంది. ఆ పొట్లం తయారుచేసినవాడు కృషి విజ్ఞాన కేంద్రం ధ్రువపత్రం గోడకు తగిలించుకున్నవాడైతే, ఆ నష్టంలో శిక్షణ ఇచ్చిన సంస్థకూ వాటా ఉన్నట్లే.